పేరు లేని అతిథి: 'బద్లా'లో బిచ్చగాడు

అమెరికా టెలివిజన్ సీరియళ్లలో నటులు రెండు కులాలు. ప్రతివారం కనబడే స్థిరనటులు ఒక కులం. ఒక్క భాగానికి కూలికి వచ్చిపోయే 'అతిథి నటులు' ఇంకో కులం. మన సినిమాల్లో అతిథి నటుడంటే పెద్ద హీరో మర్యాదకు ఒక సీన్లో కనబడి పోవడం. అక్కడ, ముఖ్యంగా దయ్యాల కథల్లో, అతిథి వచ్చేది భయపెట్టడానికో చావడానికో. 'కులం' అనే మాట ఇక్కడ వాడొచ్చునా అని మిత్రులు అడగవచ్చు. ఎవరు మాట్లాడాలి, ఎవరి చావుకు ఎవరు ఏడవాలి అన్నది ముందే రాసిపెట్టి ఉన్నచోట వాడొచ్చుననే మా అభిప్రాయం.

'ఎక్స్ ఫైల్స్' ఎనిమిదో సీజన్‌లో 'బద్లా' అనే భాగం ఉంది. 2001 జనవరి 21న ప్రసారమైంది. రాసింది జాన్ షిబన్, తీసింది టోనీ వార్మ్‌బీ. కథ ముంబై సహార్ విమానాశ్రయంలో మొదలవుతుంది. కాళ్లు లేని ఒక బిచ్చగాడు చక్రాల పలక మీద జరుగుతూ ఉంటాడు. బాగా లావుగా ఉన్న అమెరికన్ వ్యాపారి ఒకడు అతన్ని విసుక్కుని దాటిపోతాడు. ఆ తర్వాత మరుగుదొడ్డిలో బిచ్చగాడు అతని మీద పడి, అతని దేహంలోకి దూరి, ఆ దేహాన్నే వాహనం చేసుకొని వాషింగ్టన్ చేరతాడు. అక్కడ ఒక బడిలో పని సంపాదిస్తాడు. ఒక పిల్లవాడి తండ్రి చస్తాడు. చివరికి ఇంకో పిల్లవాడి రూపంలో ఎదురొస్తే ఎఫ్.బి.ఐ. ఏజెంటు స్కలీ కాల్చేస్తుంది.

ఇప్పుడు పాత్రల పట్టిక చూద్దాం. చచ్చిన వ్యాపారికి పేరుంది, హ్యూ పొటాకీ. పిల్లలకు పేర్లున్నాయి, క్వింటన్, ట్రెవర్. కథంతా ఎవరి చుట్టూ తిరుగుతున్నదో అతనికి మాత్రం పేరు లేదు. అతను 'బిచ్చగాడు', అంతే. పాత్ర వేసింది దీప్ రాయ్. నైరోబీలో పుట్టిన పంజాబీ సిక్కు కుటుంబపు మనిషి, బాగా పొట్టివాడు, కాళ్లు బాగానే ఉన్నవాడు. ఆ కాళ్లను కెమెరాకు కనబడకుండా దాచారు. ఆయనకు మిగిలింది ముఖం, చేతులు, చక్రాల కిర్రు. నిజం చెప్పాలంటే ఆ కిర్రుచప్పుడే ఆయన సంభాషణ. బడిలో పనివాడిగా మారువేషంలో ఉన్నప్పుడు తెరమీద ఉన్నది దీప్ రాయ్ కాదు, తెల్లనటుడు. అంటే పాత్రకు పని దొరకాలంటే చర్మం మారాలి! ఇదే దీప్ రాయ్ 2005లో టిమ్ బర్టన్ తీసిన చాక్లెట్ ఫ్యాక్టరీ సినిమాలో ఊంపా లూంపాలు అందరినీ ఒక్కడే వేశాడు. ఇక్కడ ఒక్క పాత్ర పూర్తిగా దక్కలేదు, అక్కడ ఒక్కడే మందంతా అయ్యాడు. ఈ పరిశ్రమకు ఆయన దేహంతోనే పని అని వేరే చెప్పాలా?

అదే సీరియల్లో 1996లో వచ్చిన 'హెల్ మనీ' భాగంలో బి.డి. వాంగ్, జేమ్స్ హాంగ్, లూసీ లియూలకు కనీసం మాటలు, బంధాలు, సందేహాలు ఇచ్చారు. అది కూడా చైనావాళ్లను వింతగా చూపేదే గానీ, వాళ్లు మనుషులని ఒప్పుకున్నది.

అసలు ఇతనికి పగ ఎందుకు? ముంబై దాపున అమెరికన్ రసాయన కర్మాగారం నుంచి విషవాయువు లీకై జనం చచ్చారని, వాళ్లలో ఇతని కొడుకు ఉన్నాడని మరొకరి నోట వింటాం. అంతే, కథ ముందుకు పోతుంది. కొడుకు ముఖం చూపలేదు. కానీ పిల్లవాడి రూపాన్ని కాల్చానని స్కలీ కుమిలిపోవడానికి మాత్రం ఒక సన్నివేశం ఉంది. గిలియన్ ఆండర్సన్ బాగా నటించింది, కాదనం. చూసేవాడి కన్నీరు స్థిరనటి ఖాతాలో జమవుతుంది, కొడుకును పోగొట్టుకున్న తండ్రి ఖాతాలో భయం జమవుతుంది. లెక్క ఇట్లా రాశారు.

ఇది భోపాల్ అని ఎవరికి తెలియదు? 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక యూనియన్ కార్బైడ్ నుంచి మిథైల్ ఐసోసయనేట్ వచ్చి పడింది ఫ్యాక్టరీ గోడ పక్క బస్తీల మీద. ఆ బస్తీల్లో ఉండేది ఎవరో మళ్లీ చెప్పనక్కరలేదు. 1989లో 47 కోట్ల డాలర్లకు సుప్రీంకోర్టులో రాజీ కుదిరింది. వారెన్ ఆండర్సన్ విచారణకు రాకుండానే 2014లో చనిపోయాడు. 'బద్లా' ప్రసారమైన పదహారు రోజులకు, 2001 ఫిబ్రవరి 6న, కార్బైడ్‌ను డౌ కెమికల్ కలిపేసుకుంది. నిజజీవితంలో బాధితులు అడిగింది వైద్యం, మంచినీళ్లు, కోర్టు. ఆడవాళ్లు భోపాల్ నుంచి ఢిల్లీ దాకా నడిచారు. సీరియల్ రచయితకు ఈ అడగడం పనికిరాలేదు, మంత్రశక్తి కావలసి వచ్చింది. పైగా పగ తీర్చుకునేది కంపెనీ మీద కాదు, బడిపిల్లల ఇండ్ల మీద! న్యాయమడిగేవాడిని పిల్లలను పట్టే పిశాచం చేస్తే కంపెనీకి ఎంత సుఖం!

అమెరికావాళ్లను తిట్టి చేతులు దులుపుకోవడం మాకు ఇష్టం లేదు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు నాథ్ గోసావీలను ఊరిజనం కొట్టి చంపారు. అడుక్కుని తిరిగే సంచారజాతి మనుషులు, పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లని పుకారు పుట్టింది. అక్కడ ఏ షిబనూ కథ రాయలేదు. ఆ కథ మన ఇండ్లల్లోనే ఉంది. అన్నం తినకపోతే 'బుడబుక్కలాయన వస్తడు, జోలెలో వేసుకొని పోతడు' అని మమ్మల్ని పడుకోబెట్టారు. ఊరి చివర మా వాడలో కూడా, మాకంటే కిందివాడొకడు భయపెట్టడానికి కావలసి వచ్చాడు. తెల్లారకముందే డమరుకం చప్పుడు వినబడితే దుప్పటి కప్పుకునేవాళ్లం. మా నాయనమ్మ మాత్రం లేచి చాటలో గింజలు తీసుకుపోయి, అతన్ని పేరు పెట్టి పిలిచి, పిల్లలు బాగున్నరా అని అడిగేది. ఆ పేరేమిటో మేము ఎన్నడూ అడగలేదు.