మలంచాలో ఆవు–పులి కథ

అనంతామాత్యుని 'భోజరాజీయము'లోని ఆవు–పులి కథ 15వ శతాబ్దం నాటిది. రైల్వే కొలువుల కోసం ఖరగ్‌పూర్ చేరిన తెలుగు కుటుంబాల పిల్లలకై మలంచాలో దీనిని సంగీత రూపకంగా మలచడం ఉచితమే. అయితే మృగపాత్ర అనగానే ముఖం కప్పే ముసుగు తొడగడం పొరపాటు. ముసుగు మాటను మింగివేస్తుంది. బడిలో బెంగాలీయో హిందీయో చదివే బాలునికి తెలుగు చెవి ద్వారానే అందవలసి ఉన్నప్పుడు ఆ నష్టం స్వల్పం కాదు. తోక, చెవులు, నడక చాలును. నోరు మాత్రం స్వేచ్ఛగా ఉండాలి.

ఈ కథకు ప్రాణం పులి గర్జన కాదు. దూడకు పాలిచ్చి తిరిగి వస్తానన్న ఆవు మాట. కనుక దూడకు బుద్ధులు చెప్పే ఘట్టం వాద్యాల హోరు లేక, ఒకే కంఠాన, విలంబంగా సాగాలి. పులి మనసు కరిగే క్షణాన పాట ఆగాలి. మాట నిలుపుకొనడమే ఇతివృత్తమైన రూపకంలో మాటే వినబడకపోతే మిగిలేది వేషం మాత్రమే.