ముగ్గురు కూర్చుంటేనే ఆ రొట్టె

కాకసస్ కొండల నుంచి మధ్య ఆసియా మైదానాల దాకా, పల్లెల్లో పలచని రొట్టెలు చేసే రోజున ఒక్క మనిషి చాలదు. కనీసం ముగ్గురుండాలి. ఒకరు ఉండలు చేసి ఒత్తుతుంటే, ఇంకొకరు సాగదీసి పొయ్యిలో వేస్తారు. మరొకరు కాలినదాన్ని తీసి దొంతి పెడతారు. ఇంట్లోవాళ్ళు సరిపోకపోతే ఇరుగుపొరుగు వచ్చి కూర్చుంటారు. మన ఊళ్ళలో పొలం పనులకు బదులుకు వెళ్ళినట్టే అక్కడ రొట్టెల పనికి వెళ్తారు.

ఈ రొట్టెకు ఒక్కోచోట ఒక్కో పేరు: లవాష్, కతిర్మా, జుప్కా, యుఫ్కా. 2014లో ఆర్మేనియా లవాష్‌ను యునెస్కో అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. 2016లో ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో జరిగిన సమావేశంలో అజర్‌బైజాన్, ఇరాన్, కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, టర్కీ దేశాల పలచని రొట్టెల సంప్రదాయం ఉమ్మడిగా ఆ జాబితాకెక్కింది. అక్కడ నమోదైంది తయారీ ఒక్కటే కాదు, పంచుకునే ఆచారం కూడా. ఈ రొట్టె విలువంతా ఆ జంటలోనే ఉంది.

సరుకులు చూస్తే గోధుమపిండి, నీళ్ళు, ఉప్పు. అంతే. ఆర్మేనియాలో చాలామంది కిందటిసారి పిండిలో కొంచెం దాచి, పులిసిన ఆ ముద్దను కొత్తపిండిలో కలుపుతారు. బాగా మర్దించిన పిండిని కాసేపు వదిలేయాలి. గోధుమలోని గ్లూటెన్ అనే జిగురు మర్దనతో బిగుసుకుంటుంది. కాసేపు ఆగితే సడలుతుంది. తొందరపడి ఒత్తితే పిండి వెనక్కి ముడుచుకుపోతుంది, సాగదీస్తే చిరుగుతుంది.

ఒత్తిన రొట్టెను అరచేతుల మీద ఆడిస్తూ పెంచి, గడ్డితోనో ఉన్నితోనో కూరిన కోలగా ఉండే దిండు మీద పరుస్తారు. నేలలో దించిన మట్టిపొయ్యి లోపలి గోడకు ఆ దిండుతో ఒక్క చరుపు చరుస్తారు. తడిపిండి వేడిగోడకు అంటుకుంటుంది, దిండు చేతికొచ్చేస్తుంది. అంత వెడల్పు రొట్టె మడత పడకుండా ఒకేసారి గోడకు చేరేదీ, చెయ్యి కాలకుండా ఉండేదీ ఆ దిండు వల్లే. పిండిలోని నీరు ఆవిరై రొట్టె బుడగలుగా పొంగుతుంది; అరనిమిషం నుంచి నిమిషంలోపే కాలిపోతుంది. తీయడం ఆలస్యమైతే మాడుతుంది. అందుకే పొయ్యి దగ్గర కూర్చున్నవారి చూపు పక్కకు తిరగదు.

అన్నిచోట్లా ఈ పొయ్యే ఉండదు. టర్కీలో ఒక్లావా అనే సన్నని పొడుగాటి కర్రతో ఒత్తి, బోర్లించిన మూకుడులా ఉబ్బెత్తుగా ఉండే సాజ్ అనే ఇనుప పెనం మీద కాలుస్తారు. ఇదే రొట్టెను కజన్ అనే పెద్ద బాణలిలో కాల్చేవారూ ఉన్నారు.

పలచదనం రుచి కోసమే కాదు, నిల్వ కోసం కూడా. రొట్టెలో తడి ఆరిపోతే బూజుకు చోటుండదు. ఆరబెట్టి దొంతులుగా దాచిన లవాష్ ఆర్నెల్ల దాకా నిలుస్తుంది. తినేముందు నీళ్ళు చిలకరించి గుడ్డ కప్పితే కాసేపటికి మెత్తబడి మళ్ళీ చుట్టుకోవడానికి వీలవుతుంది. చలికాలమంతటికీ ముందే రొట్టెలు చేసి పెట్టుకోగలిగారంటే కారణం ఇదే.

ఆ దొంతిలోంచి తీసిన రొట్టె ఆకలి తీర్చడంతో ఆగదు. ఆర్మేనియాలో కొత్త దంపతుల భుజాల మీద లవాష్ కప్పి సంతానం, సిరిసంపదలు కలగాలని దీవిస్తారు. అజర్‌బైజాన్, ఇరాన్‌లలో పెళ్ళికూతురి భుజాల మీద వేస్తారు, లేదా తల మీద తునిపి చల్లుతారు. కిర్గిజ్‌స్తాన్‌లో చనిపోయినవారికి పరలోకంలో మేలు జరగాలని పదిమందికీ పంచుతారు. సరిహద్దుల దగ్గర దేశాలు తగవులాడుకున్నా పెళ్ళిలోనూ చావులోనూ ఈ రొట్టెకిచ్చే మర్యాద ఒక్కటే. ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

ఇలాంటి వారసత్వాన్ని కాపాడటమంటే కొలతలు రాసిపెట్టుకోవడమేనని అనుకుంటే పొరపాటు. ఆర్మేనియాలో రొట్టెలు చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. పొయ్యి కట్టడం, దిండు చేయడం మగవాళ్ళ వంతు. పొయ్యి కట్టేవారు లేకపోతే దిండుతో పనిలేదు, దిండు లేకపోతే ఆ చరుపు ఎవరికీ రాదు. దుకాణంలో పొట్లం కట్టిన లవాష్ దొరకవచ్చు. దాన్ని కొన్నవాడికి రొట్టె దక్కుతుంది, పని దక్కదు.

ఈ మాట మనకూ వర్తిస్తుంది. తెలంగాణలో, రాయలసీమలో చేసే జొన్నరొట్టె గోధుమ రొట్టెకన్నా కష్టమైన విద్య. జొన్నపిండిలో గ్లూటెన్ లేదు, సాగదు. అందుకే మరిగిన నీళ్ళు పోసి కలుపుతారు. ఆ వేడికి పిండి కొంత ఉడికి జిగురు వస్తుంది. ముద్దను పీట మీద పెట్టి, తిప్పుతూ అరచేత్తో తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిచెయ్యి రాయాలి, లేకపోతే పగుళ్ళు బారుతుంది. నీళ్ళెంత వేడిగా ఉండాలో, దెబ్బ ఎంత బరువుగా పడాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. చేసేవారి పక్కన కూర్చుంటేనే చేతికి తెలుస్తుంది.

మీ ఇంట్లో రొట్టె తట్టడం తెలిసిన అమ్మో, నాయనమ్మో, అత్తమ్మో ఉంటే, చేసే విధానం అడిగి రాసుకోవడంతో ఆగకండి. పిల్లల్ని తీసుకుని ఆమె పక్కన కూర్చోండి, పిండి మీ చేతుల్లోకి తీసుకోండి. మొదట్లో రొట్టెలు విరుగుతాయి. విరిగినవే పంచుకు తినండి. వచ్చాక మరొకరికి నేర్పండి. జాబితాలు గుర్తింపునివ్వగలవు. ఆ విద్యను నిలబెట్టాల్సింది మాత్రం మన ఇళ్ళే.