ఒక మఠకన్య స్వీయచరిత్రము

మఠకన్యలను మనము చిరకాలమునుండి చూచుచునే యున్నాము. మన ఆడుపిల్లలు అనేకులు వారియొద్ద అక్షరములు దిద్దుకొనిరి. మన రోగులు అనేకులు వారి చేతిమీదుగా మందు త్రాగిరి. కాని బడిగంట మ్రోగిన పిమ్మట వారు తమ మఠములోనికి పోయి యేమి చేయుదురో, ఒకరితో నొకరు ఎట్లు కాలము గడుపుదురో ఎరిగినవారు మనలో తక్కువ. ఎరుగనిచోట ఊహలు పెరుగును. సంస్కారాభిమానులు కొందరు మఠమనగా వేరొక ఘోషా యనియు, స్త్రీని ఇంటి గోడలనుండి తప్పించి మరింత యెత్తైన గోడల నడుమ నుంచుటయే యనియు తలంతురు. భక్తులు కొందరు మఠమనగా భూలోక స్వర్గమనియు, అందలివారికి కోపతాపములు లేవనియు తలంతురు. ఈ రెండు తలంపులను సరిదిద్దగల గ్రంథమొకటి కలదు. ఫ్రాన్సు దేశమున లిసియూ పట్టణపు కర్మెలు మఠములో నుండిన తెరేజ మార్తాన్ అను యువతి వ్రాసిన 'ఒక ఆత్మ కథ' యే యా గ్రంథము. ఆంగ్లానువాదములద్వారా దానిని చదివి, మాకు తోచిన గుణదోషములను చదువరులకు విన్నవించుచున్నాము.

తెరేజ 1873 జనవరి 2వ తేదీన నార్మండీ సీమలోని ఆలెన్సాన్ పట్టణమున జన్మించెను. తండ్రి గడియారముల పనివాడు. తల్లి లేసు అల్లిక చేయించి అమ్మించుచుండెడిది. నాలుగేండ్ల ప్రాయమున తల్లి గతించెను. అక్కలిద్దరు ముందుగానే మఠమున చేరియుండిరి. పదునైదేండ్ల ప్రాయమున, 1888 ఏప్రిల్ 9వ తేదీన, తానును చేరెను. అటుపిమ్మట మఠము గడప దాటలేదు. 1897 సెప్టెంబరు 30వ తేదీన, ఇరువదినాలుగేండ్లకే, క్షయరోగముచేత మరణించెను. చరిత్రకారుడు వ్రాయదగిన సంఘటన యీ తొమ్మిదేండ్లలో ఒక్కటియు లేదు. అయినను ఆమె గతించిన యేడాదికి ప్రకటింపబడిన యీ గ్రంథము అనేక భాషలలోనికి పరివర్తింపబడినది. 1925లో పాపుగారామెను పునీతగా ప్రకటించిరి. 1997లో శ్రీసభ పండితులలో నొకతెగా గౌరవించిరి. కళాశాల గడప త్రొక్కని యీ బాలికకు పాండిత్య బిరుదమెట్లు దక్కెనో గ్రంథమునే అడుగవలెను.

ఇది ఒక్క పట్టున వ్రాసిన గ్రంథము కాదు. మూడు భాగములును ముగ్గురి కొరకు వ్రాయబడినవి. మొదటిది, అప్పటి మఠాధ్యక్షురాలైన స్వంత అక్క ఆజ్ఞచేత 1895లో వ్రాసిన బాల్యస్మృతులు. రెండవది, మరియొక అక్క కోరగా 1896 సెప్టెంబరులో వ్రాసిన చిన్న లేఖ. మూడవది, మరణమునకు కొలది నెలలు ముందు, 1897 జూను మాసమున, తిరిగి అధ్యక్షురాలైన మదర్ మరీ ద గోన్జాగ్ కొరకు ఆరంభించినది. అక్షరము దిద్దుకొను పిల్లల నోటు పుస్తకములవంటి వానిలో, తీరిక చిక్కిన కొలది నిమిషములలో, ఒడిలో చిన్న బల్ల పెట్టుకొని వ్రాసెను. తోటలో రోగుల కుర్చీయందు కూర్చుండి చివరి భాగము వ్రాయుచుండగా, వచ్చుచు పోవుచు పలుకరించువారిచేత పది పంక్తులైన వరుసగా సాగలేదని తానే నవ్వుచు చెప్పుకొన్నది. కడపటి పుటలకు కలము పట్టు శక్తి లేక పెన్సిలుతో వ్రాసెను.

మఠములోని దినచర్య యెట్టిదో ముందు తెలిసికొనవలెను. కర్మెలు సభను పదునారవ శతాబ్దిలో స్పెయిను దేశమున ఆవిలా తెరేజమ్మ సంస్కరించెను; లిసియూ మఠము ఆ సంస్కార మార్గమునకు చెందినది. వేసవిలో పెందలకడనే లేవవలెను. దినమునకు రెండు గంటలు మౌనధ్యానము. అదిగాక పూజయు, వేళవేళకు లాటిను కీర్తనల పఠనమును. మాంసాహారము నిషిద్ధము. సెప్టెంబరు నడుమనుండి ఈస్టరు పండుగవరకు ఉపవాసము. భోజనానంతరము దినమునకు రెండుమారులు మాత్రము అందరును కూడి మాటలాడుకొనవచ్చును. తక్కిన వేళలందు మౌనము. నార్మండీ చలికాలములో మఠమంతటికిని నిప్పు రాజవేసిన గది యొక్కటే. బంధువులు వచ్చినను ఇనుప కమ్ముల వెనుకనుండియే పలుకరించవలెను. ఇరువదియైదుగురికి కొంచె మెచ్చుతక్కువగా స్త్రీలు, ముసలివారును పడుచువారును, కలిగినవారి బిడ్డలును లేనివారి బిడ్డలును, చావువరకు అవే ముఖములు చూచుచు అవే గోడలలో బ్రతుకవలెను.

ఇందు కష్టతరమైన దేది? ఉపవాసమా, చలియా, నిద్రలేమియా? అవి కావని యీ గ్రంథము చెప్పుచున్నది. ప్రక్కనున్న మనిషియే కష్టతరము. ఈ మాటను తెరేజ సిద్ధాంతముగా చెప్పలేదు. చిన్న చిన్న ముచ్చటలుగా చెప్పినది. సాయంకాల ధ్యానవేళ ఒక సోదరి ఏదో వస్తువును కదలించుచు, రెండు గుల్లలు రాచినట్టి చప్పుడు చేయుచుండెడిది. తెరేజకు వెనుదిరిగి ఆమెవైపు ఒక్క చూపు చూడవలెనని ప్రాణము కొట్టుకొనెడిది. చూడక నిగ్రహించుకొనుటలో ఒడలెల్ల చెమర్చెడిది. తుదకు ఆ చప్పుడును విననట్లుండు ప్రయత్నము మాని, దానినే సంగీతముగా వినుటకు పూనుకొన్నది. చాకిరేవునొద్ద ఎదుట నిలిచిన సోదరి రుమాళ్లు ఉతుకుచు ప్రతిమారును మురికినీరు ఈమె ముఖముపై చిమ్ముచుండెను. ముఖము తుడుచుకొని ఆమెకు తెలియజేయవలెనని మొదట తోచినది, పిదప మానుకొన్నది. వేరొక సోదరి పోకడ ఈమెకు సుతరామును గిట్టదు. ఆమెను అందరికన్న ప్రియమైనదానివలె ఆదరించుచుండగా, నాయందు నీకింత నచ్చిన దేమని యామెయే ఒకనాడు ఆశ్చర్యపడి యడిగెను. మరి నిగ్రహము చాలనినాడో? రణరంగమునుండి పారిపోవు బంటువలె అచ్చటనుండి పరుగెత్తితినని తెరేజ ఒప్పుకొనుచున్నది. ఈ ఒప్పుకోలే యీ గ్రంథమునకు ప్రాణము. గెలుపులు మాత్రమే వ్రాసికొనువారిని మనము నమ్మము. పరుగెత్తిన సంగతి చెప్పినవారి గెలుపును నమ్ముదుము.

మఱియొక ముచ్చట. నడువలేని ఒక వృద్ధ సోదరిని ప్రతిసాయంకాలము ఆరుగంటలకు పది నిమిషములు ముందు ప్రార్థనశాలనుండి భోజనశాలకు నడిపించుకొని పోవలెను. ఆ ముసలామె తన ఇసుక గడియారమును కదలించినచో, బయలుదేరుమని యర్థము. ముక్కాలిపీటను ఇట్లే జరుపవలెను, ఇట్లే పట్టుకొనవలెను, వెనుకనుండి నడికట్టు పట్టి నడువవలెను. కాలు తొట్రుపడెనా, నీవు పట్టుకొనలేదను సాధింపు. మెల్లగా నడచెనా, నీ చేయి తగులుటలేదను సాధింపు. ఈ పనిని తెరేజయే కోరి తీసికొన్నది. భోజనశాలలో చేరవేసి పోవుచు, ఆమె రొట్టె ముక్క చేసికొనుటకు కష్టపడుట గమనించి, ఎవరును చెప్పకయే దానిని సవరించి, చిరునవ్వు నవ్వి పోయెడిది. ఆ చిరునవ్వుతో ముసలామె మనసు కరిగినది. ఒక చలికాలపు సాయంకాలమున ఇట్లు నడిపించుచుండగా దూరమున సంగీతము వినవచ్చినట్లు తోచి, దీపకాంతులతో నిండిన ధనికుల శాలయు, పట్టుబట్టల పడుచులును ఆమె మనసున మెదలిరి. ఎదుట మసక దీపపు వెలుగులో ఇటుక గోడలు, చేతిలో మూలుగుచున్న ముసలామె. ఆ సుఖమునకు ఈ పనిని మార్చుకొననని ఆమె నిశ్చయించుకొన్నది. ఉమ్మడి కుటుంబమున మంచమెక్కిన అత్తగారికి సేవచేసిన ఇల్లాండ్రు ఈ పుటలను చదివినచో, ఇది పరదేశపు కథ యనుకొనరు.

అలంకారశాస్త్ర భాషలో చెప్పవలెనన్న, ఈ గ్రంథపు బలము స్వభావోక్తి. వస్తువును ఉన్నదున్నట్లు చెప్పుటయే యలంకారమైన చోట రచన వెలుగుచున్నది. మొదటి భాగమున మాత్రము పూవులు, బొమ్మలు, ముద్దుమాటలు మెండు. ఆ కాలపు ఫ్రెంచి భక్తిసాహిత్యమున అట్టి తీపి పరిపాటి. తెరేజ దానిని పూర్తిగా తప్పించుకొనలేదు. కొన్ని పుటలు మాకు అతితీపిచేత వెగటు గొల్పినవి. ఈ తీపినే చూచి గ్రంథమును మూసివేయు విద్యావంతులు కలరు. వారు మూడవ భాగమువరకు ఓపిక పట్టవలెను. 1896 ఈస్టరు పండుగనాటినుండి ఆమె విశ్వాసమును చీకటి క్రమ్మెను. పరలోకమున్నదను భావమే పొగమంచులో కరగిపోయినదనియు, తనకు ఆకాశమునకు నడుమ గోడ లేచినదనియు వ్రాసినది. కంఠమునుండి నెత్తురు పడుచుండగా, నమ్మకము జారుచుండగా, చప్పుడు చేయు సోదరిని సహించుచు, ముసలివారికి నవ్వు ముఖము చూపుచు నుండినది. సుఖముగా నమ్మినవారి సహనము వేరు. ఏమియు కనబడనప్పటి సహనము వేరు. ఇది తెలిసిన పిమ్మట వెనుకటి ముద్దుమాటల బరువే మారిపోవును.

ఇచ్చట గ్రంథ పరిష్కరణమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. 1898లో వెలువడినది తెరేజ వ్రాసిన పాఠము కాదు. సవరించుటకు ఆమెయే అనుమతినిచ్చినదని చెప్పుచు, అక్క వేలకొలది మార్పులు చేసెను. ముగ్గురి కొరకు వ్రాసిన మూడు భాగములును ఒక్క అధ్యక్షురాలికే వ్రాసినట్లు దిద్దబడెను. మొరటు మాటలు నునుపు చేయబడెను. అర్ధశతాబ్దికి పైగా లోకము చదివినది ఆ నునుపైన పాఠమునే. 1956లో గాని అసలు వ్రాతప్రతులు యథాతథముగా వెలువడలేదు. ఆ అక్కను మేము నిందింపము. చెల్లెలియందలి ప్రేమచేతనే చేసినది. కాని ప్రేమచేత చేసినదైనను హాని హానియే. స్త్రీ తన మాటగా చెప్పినదానిని ఇంటి పరువునకు తగినట్లు మెరుగుపెట్టుట మఠములకే చెల్లిన దుర్గుణము కాదు. మన అమ్మమ్మల ఉత్తరములను, దినచర్యలను అచ్చువేయబూనినవారు ఈ వృత్తాంతమును జ్ఞాపకముంచుకొనుట మేలు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఇది దాస్యమా, స్వాతంత్ర్యమా? పై గుర్తులు చూచినచో మన వెనుకటి వితంతువుల బ్రతుకు తలపునకు వచ్చును: కత్తిరించిన జుట్టు, ముతక బట్ట, ఒంటిపూట తిండి, నాలుగు గోడలు. కాని వితంతువును ఎవ్వరును అడుగలేదు. మంగలిని పిలిపించినవారు పెద్దలు. తరిగొండ వెంగమాంబ తల గొరిగించుకొననని నిలిచి తన మార్గము తాను ఏర్పరచుకొన్నదని చెప్పుకొందుము గాని, అట్లు నిలువగలిగినవా రెందరు? తెరేజ విషయమున కథ తలక్రిందులు. పెద్దలందరు వలదనగా ఆమెయే పట్టుపట్టినది. మఠముపై అధికారము గల గురువు కూడదనెను. బిషప్పు జాప్యము చేసెను. 1887 నవంబరు 20వ తేదీన రోముపట్టణమున పదమూడవ లియో పాపుగారి దర్శనమునకు పోయి, ఎవ్వరును మాటలాడరాదను ఉత్తరువును మీరి, ఆయన మోకాళ్లపై చేతులుంచి తన కోరిక విన్నవించెను. కావలివారు లేవనెత్తి తీసికొనిపోవలసి వచ్చెను. ఒకే ముతక బట్ట, తొడిగించినప్పుడు సంకెల, కోరి తొడిగినప్పుడు వ్రతము. వస్త్రమును చూచి తీర్పు చెప్పరాదు. ఎవరు ఎన్నుకొన్నారని యడుగవలెను.

అయినను పదునైదేండ్ల పిల్ల ఎన్నుకొన్నది నిజముగా ఎన్నికయేనా యని చదువరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. తన అక్కలున్న యింటికే ఆమె పోయినదనియు మరవరాదు. కడకు నలుగురు తోబుట్టువులు ఆ మఠముననే చేరిరి. మఱియొక లోపమును గూడ దాచరాదు. ఆ కాలపు మఠములలో కీర్తనలు పఠించు సోదరీమణులు వేరు, వంటయు బరువు పనులును చేయు సోదరీమణులు వేరు. వారి ముసుగు రంగు సైతము వేరు. దేవుని యెదుట అందరును సమానులను చోట ఈ మెట్లేమిటని తెరేజ అడిగినట్లు గ్రంథమున కనబడదు. కాథలిక్కు సభవారే 1965లో రెండవ వాటికను మహాసభ తీర్మానముచేత ఆ భేదమును తొలగింప బూనిరి. స్వంత హృదయమును అంత సూక్ష్మముగా శోధించిన కన్నులు, భోజనశాలలోని యీ భేదముపై నిలువకపోవుట కొరతయే.

గోడలలోపలి యీ తపస్సు లోకమున కేమి ఉపకరించునని యడుగువారికి గుంటూరు సమాధానము చెప్పగలదు. మేరీ గ్లౌరీ యను ఆస్ట్రేలియా వైద్యురాలు 1920 ఫిబ్రవరిలో గుంటూరు చేరి, జేసు మేరీ జోసెఫు సభలో మఠకన్య యయ్యెను. మఠకన్యలు వైద్యవృత్తి చేయరాదను నియమము అప్పటికి ఉండగా, పాపుగారి ప్రత్యేకానుమతితో మన తల్లులకును బిడ్డలకును చికిత్స చేసెను. ఆ నియమమును రోమునగరము సడలించినది 1936లో. ఆమె మార్గము తెరేజ మార్గము కాదు. ఒకరిది ధ్యానము, ఒకరిది వైద్యము. కాని ఆసుపత్రిలో దినదినము అదే పుండు కడుగుటకు, అదే సణుగుడు వినుటకు కావలసిన ఓర్పు ఎచ్చటనుండి వచ్చునో తెలియగోరువారికి, తెరేజ వ్రాసిన ఇసుక గడియారపు పుటకు మించిన వ్యాఖ్యానము లేదు.

కావున సంస్కారాభిమానులైన మన గృహస్థులును గృహిణులును ఈ గ్రంథమును చదువవలెనని మా కోరిక. మతభేదమెంచి దూరముంచ బనిలేదు. తీపికి వెరచి మధ్యలో విడువ బనిలేదు. చదువదలచినవారు 1956కు పిమ్మట అసలు ప్రతులనుండి చేసిన అనువాదమునే ఎన్నుకొనవలెను. పెద్ద త్యాగములను పొగడు గ్రంథములు మనకు కావలసినన్ని యున్నవి. ఒకే కప్పు క్రింద ఒకరి నొకరు ప్రతిదినము ఎట్లు భరింపవలెనో, భరింపలేనినాడు ఏమి చేయవలెనో నిజము చెప్పిన గ్రంథములు మిక్కిలి తక్కువ. అట్టివానిలో నిది యొకటి.