రౌటర్ లేని వైఫై పరీక్ష

వైఫై పరికరాలు తయారుచేసే కంపెనీల్లో నాలుగు వైపులా లోహపు గోడలు బిగించిన గదులుంటాయి. బయటి సిగ్నల్ లోపలికి రాకూడదని అంత కట్టుదిట్టం. అలాంటి గది కోసం ఇంజినీర్లు వంతు వేసుకుని ఎదురుచూస్తారు. మా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు ఆ గదులెక్కడివి? అయినా వైఫై సాఫ్ట్‌వేర్ పరీక్షల్లో పెద్ద భాగం ఇక్కడ ఏ ఇంట్లోనైనా మామూలు ల్యాప్‌టాప్ మీద చేయొచ్చు. గద్వాలలో మా ఇంట్లో నేను రోజూ చేసే పని అదే.

ఆండ్రాయిడ్ ఫోన్లను, చాలా లినక్స్ కంప్యూటర్లను వైఫైకి కలిపేది డబ్ల్యూపీఏ సప్లికెంట్ అనే ప్రోగ్రామ్. రౌటర్ వైపు పని చూసేది హోస్ట్ ఏపీడీ. రెండూ ఫిన్లాండ్ ప్రోగ్రామర్ యౌని మాలినెన్ మొదలుపెట్టినవే. లేని రేడియోలను ఉన్నట్టు చూపించే లినక్స్ కెర్నల్ మాడ్యూల్‌ను కూడా 2008లో ఆయనే తెచ్చారు. ఒక రేడియో పంపిన ఫ్రేమ్‌ను కెర్నల్ అదే ఛానెల్‌లో ఉన్న మిగతా రేడియోలకు అందిస్తుంది. గాల్లోకి ఏదీ వెళ్లదు. ఈ పరీక్షల్లో కెర్నలే కుప్పకూలవచ్చు కాబట్టి అంతా వర్చువల్ మెషిన్‌లో నడుపుతాం. కూలితే అదొక్కటే కూలుతుంది, ల్యాప్‌టాప్‌కు ఏమీ కాదు. దానికి వేరే డిస్క్ కూడా అక్కర్లేదు. మన ఫైళ్లనే చదవడానికి మాత్రమే ఇస్తే చాలు, మార్చే వీలుండదు. పరీక్షలు వేలల్లో ఉంటాయి కాబట్టి నాలుగైదు మెషిన్లు లేపి పంచేస్తాం.

వనపర్తి సంస్థానం ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో చదివిన ఒక అబ్బాయి ఈ పని నేర్చుకోవడానికి వచ్చాడు. "సార్, రౌటర్ ఏడుంది?" అని అడిగాడు. "ఇండ్లనే ఉంది, ఫోన్ గూడ ఇండ్లనే ఉంది" అని స్క్రీన్ చూపించాను. అతనికి మొదట ఇచ్చింది క్రాక్ పరీక్ష.

2017 అక్టోబర్‌లో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హోఫ్ బయటపెట్టిన వైఫై లోపం పేరే క్రాక్. ఫోనూ రౌటరూ కీ కుదుర్చుకునేటప్పుడు నాలుగు సందేశాలు నడుస్తాయి. మూడోది మళ్లీ వస్తే ఫోన్ అదే కీని మళ్లీ బిగించి, ప్యాకెట్ల లెక్కను మొదటికి తెచ్చుకునేది. సప్లికెంట్ కొన్ని వెర్షన్లలో అయితే అన్నీ సున్నాలే ఉన్న కీ బిగిసేది. దాంతో దాచిన మాటలన్నీ బయటపడ్డట్టే. ఇప్పుడు మూడో సందేశాన్ని కావాలనే మళ్లీ పంపమని హోస్ట్ ఏపీడీకి చెప్పే టెస్ట్ కమాండ్ ఉంది. ఆ అబ్బాయి దాన్ని నడిపి, లాగ్‌లో ఒక్కో లైనూ వేలు పెట్టి చదువుతూ పోయాడు. వాడుకలో ఉన్న కీని మళ్లీ బిగించడం లేదని చెప్పే లైన్ దొరికింది. ఆ లైన్ దగ్గర చాలాసేపు ఆగాడు. కోట్ల ఫోన్లను కాపాడే జాగ్రత్త ఎలా ఉంటుందో అతను కళ్లారా చూశాడు. పుస్తకంలో చదివితే అది అంత లోతుగా దిగదు.

ఒక విషయంలో మాత్రం నేను గట్టిగా ఉంటాను. ఫెయిలైన పరీక్షను చివర్లో మళ్లీ నడిపే ఏర్పాటు ఉంది. రెండోసారి పాసైతే చాలామంది దాన్ని వదిలేస్తారు. నేను వదలనివ్వను. ప్రాసెసర్‌లో ఉన్న కోర్ల కంటే ఎక్కువ మెషిన్లు లేపితే ఆలస్యమై, గడువు దాటి ఫెయిలయ్యే మాట నిజమే. కానీ రెండు పనులు ఒకదాన్నొకటి తోసుకున్నప్పుడు మాత్రమే కనిపించే అసలు లోపం కూడా అచ్చం అలాగే ఉంటుంది. మొదటిసారి లాగ్ తెరిచి చూడకుండా ఈ రెండింటిలో ఏదో చెప్పలేం.

ఈ పరీక్షలకు హద్దులున్నాయి. అమ్రాబాద్ అడవి అంచు ఊళ్లో రాతి గోడ దాటేసరికి సిగ్నల్ ఎందుకు పడిపోతుందో ఇవి చెప్పవు. దానికి నిజమైన రేడియో పట్టుకుని అక్కడికి వెళ్లాల్సిందే. ఇక్కడ మనం చూసేది సాఫ్ట్‌వేర్ మాట తప్పుతుందా లేదా అన్నదే.

మూడు జిల్లాల్లోనూ కాలేజీల వాళ్లు ఇది ల్యాబ్‌లో పెట్టాలని నా కోరిక. ఒక్క పరికరం కొనక్కర్లేదు, లినక్స్ ఉంటే చాలు. మొదలుపెట్టే ముందు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. నేను చూసిన చాలా కంప్యూటర్లలో అది ఆఫ్‌లోనే ఉంది.