మధ్యాహ్నం రెండింటికి బిడ్డ ఎవరి దగ్గర?

విజయవాడలో పటమటలోనో, మొగల్రాజపురంలోనో, సత్యనారాయణపురంలోనో ఒక ప్లే స్కూల్ గేటు. టైము పన్నెండున్నర. స్కూటీ మీద ముందు నిలబెట్టుకుని మనవణ్ణి తీసుకెళ్లే తాతగారు, ఎండకు కొంగు నెత్తిన వేసుకుని నడిచొచ్చిన అమ్మమ్మ, నలుగుర్ని ఎక్కించుకుని ఐదో పిల్ల కోసం హారన్ మోగిస్తున్న ఆటో అతను. ఆ గుంపులో అమ్మానాన్నలు బహు తక్కువ. ఆ వేళకి వాళ్లు బ్యాంకు కౌంటర్ల వెనక, సూర్యారావుపేట నర్సింగ్ హోముల్లో, బీసెంట్ రోడ్డు బట్టల షాపుల్లో, కృష్ణ అవతల వెలగపూడి సచివాలయంలో ఉంటారు.

నర్సరీ బడి వేళలు ఎవరు పెట్టారోగానీ, ఇంటి దగ్గర ఎవరో ఒకరు ఖాళీగా ఉంటారన్న ధీమాతో పెట్టారు. పెద్దవాళ్లు పామర్రులోనో అవనిగడ్డలోనో పొలం, గేదెలు చూసుకుంటూ ఉండిపోయి, భార్యాభర్తలిద్దరే ఉద్యోగాల కోసం బెజవాడలో కాపురం పెట్టిన ఇంట్లో ఆ ధీమా చెల్లదు. అలాంటి ఇంటివాళ్లు అడ్మిషన్ కోసం వెళ్లినప్పుడు కూడా మొదట అడిగేది ఫీజు ఎంత, ఫోనిక్స్ నేర్పుతారా, ఇంగ్లీషులోనే మాట్లాడిస్తారా అని. మధ్యాహ్నం రెండింటికి మా బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందన్న ప్రశ్న చివర్లో, కాస్త మొహమాటంగా, పక్కనున్న ఆయమ్మని అడుగుతారు. మొదట అడగాల్సింది అదే.

ఒక జంటను ఊహించుకుందాం. ఆమె ఆసుపత్రిలో స్టాఫ్ నర్సు. అతను ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ షాపులో లెక్కలు రాస్తాడు. కానూరులో అద్దె ఇల్లు, మూడేళ్ల పాప. ఆమెకు ఒక వారం పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా డ్యూటీ, ఇంకో వారం రెండు నుంచి ఎనిమిది, ఆపైన నైట్. అతనికి పొద్దున పది నుంచి రాత్రి ఎనిమిదిన్నర. ప్లే స్కూలు తొమ్మిదిన్నరకు తీసి పన్నెండున్నరకు వదిలేస్తుంది. ఆమెది మార్నింగ్ డ్యూటీ అయితే దింపేది అతను. తీసుకొచ్చే మనిషి లేడు. మధ్యాహ్నం డ్యూటీ అయితే తీసుకురావడానికి ఆమె ఉంది. రెండింటికల్లా పాపను ఎవరికి అప్పజెప్పి వెళ్లాలో తెలియదు. నైట్ చేసొచ్చిన రోజు ఆమెకు పగలు నిద్ర కావాలి. ఇంత లెక్కలో బడి ఇచ్చేది మూడు గంటలు. దాన్ని చుట్టుకుని పక్కింటి అత్తయ్య గారు, ఆటో అతను, మూడు రోజులకోసారి "సార్, ఒక గంట పర్మిషన్" అన్న అభ్యర్థన. ఏ ఒక్కరు చెయ్యిచ్చినా ఆ రోజు ఎవరో ఒకరికి జీతం కోత.

పిల్లల్ని రోజంతా చూసుకోవడం ఈ ఊరికి చేతకాదా అంటే, అదీ కాదు. ఇంటర్ చదివే పిల్లవాణ్ణి తెల్లవారకముందే లేపి, టిఫిన్ పెట్టి, స్టడీ అవర్లు నడిపి, రాత్రి పది దాటాక పడుకోబెట్టే ఏర్పాటును ఒక వ్యాపారంగా పెంచిన ఊళ్లలో విజయవాడ ముందు వరసలో ఉంటుంది. హాస్టలు, మెస్సు, వార్డెను, ఆదివారం ఔటింగు అన్నీ ఇక్కడివాళ్లకు కొట్టిన పిండి. పదహారేళ్లవాడికి రోజులో ఇరవై నాలుగు గంటలూ ఏర్పాటు చేయగలిగిన చోట, మూడేళ్ల పిల్లకు తొమ్మిది గంటలు చేయలేరా? ర్యాంకు రాని పని కాబట్టి దాని మీద ఎవరూ మనసు పెట్టలేదు.

మాంటిస్సోరి పేరు బెజవాడకు కొత్త కాదు. వి. కోటేశ్వరమ్మ గారు 1955లో ఇక్కడ మాంటిస్సోరి బడి మొదలుపెట్టారు. ఆ సంస్థ మహిళా కళాశాల దాకా పెరిగింది. 2017లో ఆమెను పద్మశ్రీ వరించింది. అంతకు చాలా ముందే, 1939లో, మరియా మాంటిస్సోరి స్వయంగా మద్రాసు వచ్చి అడయారు దివ్యజ్ఞాన సమాజంలో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల తిరిగి వెళ్లే దారి లేక ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయారు. ఇప్పుడు ఆ పేరు నర్సరీ బడుల బోర్డుల మీద తరచూ కనిపిస్తుంది. చెక్క దిమ్మలు, పూసల దండలు, గరుకు అక్షరాల అట్టలు కొనుక్కొచ్చారు. ఆవిడ పెట్టిన వేళలను మాత్రం తెచ్చుకోలేదు.

ఎందుకంటే ఆవిడ మొదటి బడి పుట్టిందే పనికి పోయే తల్లిదండ్రుల కోసం. 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లొరెంజో అనే పేదల పేటలో అది తెరుచుకుంది. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోతే పసిపిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, ఆ ఇళ్లు బాగుచేయించిన కంపెనీ ఒక గది ఇచ్చి వాళ్లను చూసుకోమంది. అలాంటి బడులకు ఆవిడ తన పుస్తకంలో రాసిన వేళలు చలికాలంలో తొమ్మిది నుంచి ఐదు, వేసవిలో ఎనిమిది నుంచి ఆరు. అంత పొడుగు రోజు మధ్యలో చిన్నపిల్లలకు కనీసం గంటసేపు పడక మీద విశ్రాంతి ఉండాలనీ రాశారు. నూరేళ్లు దాటిన ఆ రోజువారీ పట్టిక, కానూరు నర్సు గారి పాపకు ఇవాళ్టి ప్లే స్కూలు పట్టిక కన్నా బాగా సరిపోతుంది.

ఇప్పుడు కొన్ని చోట్ల డే కేర్ కూడా పెడుతున్నారు. "ఆరున్నర దాకా మేమే చూసుకుంటామండీ, మీరేం కంగారు పడక్కర్లేదు" అని ఆఫీసు గదిలో చెబుతారు. ఆ మాట నిజమో కాదో తేలేది మధ్యాహ్నం. పొద్దున పదింటికి వెళ్లి చూస్తే ప్రతి బడీ ముచ్చటగానే ఉంటుంది. రెండున్నరకు, ముందుగా చెప్పకుండా వెళ్లాలి.

ఆ వేళకి పాఠం చెప్పిన టీచరు ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది. క్లాసు గదిలోనే బల్లలు గోడకు జరిపి చాపలు పరిచి ఉంటారు. ఎనిమిది మంది పిల్లలు, ఒక ఆయా. మూలన క్యారేజీల్లో సగం తిని వదిలేసిన పెరుగన్నం. ఏడుగురు నిద్రపోతుంటారు. ఎనిమిదోవాడికి నిద్ర రాదు. చెప్పుల స్టాండు దగ్గర కూర్చుని ఒక్కో జత తీసి మళ్లీ పెడుతుంటాడు. చూడాల్సింది వాణ్ణి. నిద్రపోని బిడ్డతో ఆ గంటన్నర ఏం చేస్తున్నారన్నదే డే కేర్ అసలు నాణ్యత. కొన్ని చోట్ల టీవీలో రైమ్స్ పెట్టి వదిలేస్తారు. కొన్ని చోట్ల "కళ్లు మూసుకో" అని గద్దిస్తారు. మంచి చోట ఆయా వాణ్ణి వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీయిస్తూ కబుర్లు చెబుతుంది. అలాంటి మనిషి దొరికిన బడికి గోడల మీద మిక్కీ మౌస్ లేకపోయినా ఫర్వాలేదు.

కాబట్టి ప్రిన్సిపల్‌తో మాట్లాడినంతసేపూ ఆయాతోనూ మాట్లాడాలి. ఆమె ఇక్కడ ఎన్నేళ్ల నుంచి చేస్తోంది, సాయంత్రం ఎన్నింటికి వెళ్తుంది, ఆమె రాని రోజు ఎవరు చూస్తారు. ఏడాదికి ముగ్గురు ఆయాలు మారిన చోట పిల్లకు ఎవరి ఒళ్లూ అలవాటు కాదు. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో శిశు సంరక్షణ కేంద్రాలకు కనీస ప్రమాణాలు చెప్పింది. మూడేళ్ల లోపు పిల్లలు పది మందికి ఒక శిక్షణ పొందిన మనిషి, మూడు దాటినవాళ్లు ఇరవై మందికి ఒకరు, వాళ్లకు తోడు ఒక సహాయకురాలు. ఈ లెక్క పదింటికి కాదు, మూడింటికి సరిపోతుందో లేదో తల్లిదండ్రులు అక్కడే నిలబడి తలలు లెక్కపెట్టుకోవచ్చు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్లలోకి నీళ్లొచ్చిన తర్వాత, ఆ వైపు బడి చూసేవాళ్లు ఇంకో మాట కూడా అడగాలి. నీళ్లు ఎంతెత్తు వచ్చాయి, పిల్లల గది ఏ అంతస్తులో ఉంది?

బడి ఇంటి దగ్గర వెతకాలా, ఆఫీసు దగ్గరా? చాలామంది ఇంటి దగ్గరే అంటారు. కానీ పగలు పదకొండింటికి "అమ్మా, పాపకి ఒళ్లు వెచ్చగా ఉందండీ, ఎప్పుడొస్తారు?" అని ఫోన్ వస్తే ఎవరు ముందు చేరగలరో, వాళ్ల పనిచోటుకి దగ్గరగా వెతకడం మేలు. సచివాలయంలో పనిచేసే తల్లి వెలగపూడి నుంచి బయల్దేరి బ్యారేజీ దాటి బెంజి సర్కిల్ చేరేసరికి జ్వరం ఇంకో డిగ్రీ పెరుగుతుంది. ఆటోనగర్‌లో ఉన్న తండ్రి పది నిమిషాల్లో వస్తాడు. నాన్న పనిచోటు దగ్గర బడి చూడాలన్న ఆలోచనే చాలా ఇళ్లలో రాదు. చట్టానికీ రాలేదు.

ఆ చట్టం సంగతి. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచింది. యాభై లేదా అంతకుమించి ఉద్యోగులున్న ప్రతి సంస్థా శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసిరావచ్చు. తండ్రి ప్రస్తావన లేదు. 2020 సామాజిక భద్రత కోడ్ కూడా అదే యాభైని నిలిపింది. మరి బీసెంట్ రోడ్డు షాపులో, వన్‌టౌన్ వస్త్రలత కొట్లో, వీధి చివరి క్లినిక్కులో యాభై మంది ఎక్కడుంటారు? అక్కడి ఆడవాళ్లకు ఈ చట్టం ఉన్నా లేనట్టే. ఇటు పని గంటలు పెరిగే దారిలో ఉన్నాయి. రోజువారీ పని పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచడానికీ, మహిళలను రాత్రి షిఫ్టుల్లోకి అనుమతించడానికీ రాష్ట్ర మంత్రివర్గం 2025 జూన్‌లో ఆమోదం తెలిపింది. నర్సరీ బడి గడియారం దగ్గరకు ఆ కబురు ఇంకా చేరలేదు.

సెలవుల క్యాలెండరు మరో చిక్కు. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు. ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు ఉద్యోగం చేసే తల్లికి ఏడాదిలోకెల్లా కష్టమైన రోజులు. ఇక దసరా. ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి ఉత్సవాలకు ఊరంతా జనం, బడులకు సెలవులు, బట్టల షాపుల్లో పనిచేసే అమ్మాయిలకు మాత్రం రాత్రి పది దాకా నిలువుకాళ్ల మీద పని. బడి మూసేదీ, దుకాణం పొద్దుపోయేదాకా తీసి ఉంచేదీ ఒకే వారంలో. చేరేముందు ఏడాది సెలవుల జాబితా తీసుకుని మన డ్యూటీ చార్టు పక్కన పెట్టి చూసుకోవడం ఫీజు బేరమాడటం కన్నా ఎక్కువ పనికొస్తుంది.

నగరం దాటి కాలవ గట్ల వెంట డెల్టాలోకి వెళ్తే ఉన్న ఆధారం అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కింద రాష్ట్రంలో ఇప్పుడు 55 వేలకు పైగా కేంద్రాలున్నాయి. గుడ్డు, అన్నం, ఆటపాటలు, ఊళ్లోనే తెలిసిన టీచరు. ఏ ప్రైవేటు ప్లే స్కూలూ ఇంత దగ్గరగా లేదు. చిక్కల్లా మళ్లీ వేళలతోనే. బ్యారేజీ నుంచి నీళ్లొదిలి నారుమళ్లు ఎదిగి నాట్లు మొదలైతే కూలి ఆడవాళ్లు తెల్లవారి ఆరింటికే ఆటో ఎక్కుతారు. కేంద్రం తెరిచేది తొమ్మిదింటికి. మధ్యలో మూడు గంటలు పసివాడు ముసలమ్మ దగ్గరో, పదేళ్ల అక్క చంకలోనో ఉంటాడు. లేకపోతే గట్టు మీద చెట్టుకు కట్టిన చీర ఉయ్యాలే. ఉపాధి హామీ పనిలో అయితే, ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు వచ్చినా చూసుకోవడానికి ఒక కూలీని జీతంతో పెట్టాలన్న నిబంధన ఉంది. రైతు పొలంలో నాటుకు అది వర్తించదు.

అంగన్‌వాడీ టీచరు కూడా ఉద్యోగం చేసే తల్లే. నెలకు 11,500 రూపాయల గౌరవ వేతనం చాలడం లేదని వాళ్లు 2023 డిసెంబరు 12 నుంచి 42 రోజులు సమ్మె చేశారు. ప్రభుత్వం ఎస్మా ప్రయోగించేదాకా వెళ్లింది. ఆ ఆరు వారాలూ ఊళ్లలో కేంద్రాలకు తాళాలు పడ్డప్పుడు ఎంతమంది కూలి మానుకున్నారో ఎవరూ లెక్క రాయలేదు. అంగన్‌వాడీకే రోజంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాన్ని జోడించాలని కేంద్ర ప్రభుత్వం 2022లో మిషన్ శక్తి కింద పాల్నా పథకం తెచ్చింది. ఆలోచన సరైనది. ఉన్న టీచరు మీదే ఇంకో మూడు గంటలు మోపకుండా, వేరే మనిషిని వేరే జీతంతో పెడితేనే అది నిలుస్తుంది. నాట్ల కాలానికి అంగన్‌వాడీని ఆరింటికే తెరవాలి కూడా.

నగరంలో ఇలాంటి ఏర్పాటును సూర్యారావుపేట నుంచే మొదలుపెట్టవచ్చు. ఒక్కో నర్సింగ్ హోములో యాభై మంది ఉండకపోవచ్చుగానీ, ఆ నాలుగు వీధులూ కలిపితే నర్సులు, ల్యాబ్ అమ్మాయిలు, మందుల షాపు సేల్స్‌గర్ల్స్, ఆయాలు ఎంతమందో. చట్టం ప్రతి సంస్థా విడిగా పెట్టాలనడం లేదు, నలుగురు కలిసి ఉమ్మడిగా నడుపుకోవడానికి దారి ఇచ్చింది. ఆసుపత్రుల షిఫ్టులు ఎనిమిది, రెండు, ఎనిమిది గంటలకు మారతాయి కాబట్టి ఆ ఉమ్మడి కేంద్రం పొద్దున ఏడున్నర నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా ఉండాలి. ఆయాలు రెండు షిఫ్టుల్లో పనిచేయాలి. అద్దెకు ఒక అంతస్తు, వంటకు ఒక మనిషి, పిల్లలకు మంచాలు, ఏడాది పొడుగునా తెరిచి ఉంచే నియమం. ఖర్చు ఆసుపత్రులు తమ సిబ్బంది లెక్కన పంచుకోవచ్చు. డాక్టర్ల సంఘం ఒకసారి కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక సాయంత్రం చాలు, జూన్‌లో బడులు తెరిచేలోపు.