గోడ మీద జాజికాయల దీవులు

మసాలా దీవుల పాత డచ్చి మ్యాపు కనిపిస్తే చాలు, దీన్ని పట్టుకునే ఓడలు నడిపారు కాబోలు అంటారు చూసినవాళ్లు. నడపలేదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ నావికులకిచ్చిన పటాలు వేరు. అవి తోలు మీద చేత్తో గీసినవి. ప్రయాణం ముగిశాక తిరిగి అప్పజెప్పాల్సినవి. మాలాంటి వాళ్లం సేకరించే అచ్చు మ్యాపులు మొదటి నుంచీ అట్లాసుల్లోనో, వర్తకుల ఇళ్ల గోడల మీదో ఉండటానికి పుట్టినవే. విల్లెం బ్లావ్ 1633 నుంచి కంపెనీకి పటాలు గీసే అధికారి. ఆ రహస్యాలన్నీ చేతిలో ఉన్నా, తాను అచ్చు వేసి అమ్మే అట్లాసుల్లోకి వాటిని పెద్దగా రానివ్వలేదు. గడుసువాడు.

వీటిలో నాకు ఎక్కువ ఇష్టమైనది పెట్రస్ ప్లాన్సియస్ 1590ల మొదట్లో చేసిన మొలక్కా దీవుల, అంటే ఈ మసాలా దీవుల, మ్యాపు. అసలు ప్రతి నాకు అందేది కాదు, నా దగ్గరున్నది నకలు. సిగ్గేం లేదు. పోర్చుగీసు వాళ్లు దాచుకున్న పటాలు ఎలాగో సంపాదించి చేసిన మ్యాపు అది. తొలి డచ్చి నౌకలు 1595లో తూర్పుకు బయల్దేరకముందే ఆ దేశం ఆశలన్నీ దాని అడుగు అంచులో బొమ్మలు కట్టాయి: జాజికాయ, లవంగం, మూడు రకాల చందనం. ఆ మూడింటిలో ఒకటి ఎర్రచందనం! మన శేషాచలం, దాని చుట్టుపక్కల కొండల్లో తప్ప సహజంగా పెరగని చెట్టుకు మొలక్కా మ్యాపులో ఏం పని? ప్లాన్సియస్‌కు కావలసింది వృక్షశాస్త్రం కాదు, సరుకుల పట్టీ.

అసలుది కొనేటప్పుడు ముందు వెనక్కి తిప్పి చూస్తాను. రాగి చిలుముతో చేసిన పాత ఆకుపచ్చ రంగు కాగితాన్ని తినేస్తూ వెనక వైపు గోధుమ రంగులో తేలుతుంది. అది ఉంటే రంగు పాతదని కొంత నమ్మకం. వెనక లాటిన్‌లోనో డచ్చిలోనో అచ్చయిన పాఠం ఉంటే అది ఏ అట్లాసు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఈమధ్యే అట్లాసు చించి విడి పేజీలుగా అమ్ముతున్నారని అనుమానం వస్తే మాత్రం ఎంత చవకైనా వద్దంటాను.

ఇక వేలాడదీయడం. పడమటి ఎండ తగిలే గోడ పనికిరాదు. వెలుతురు 50 లక్స్ దాటకూడదన్నది మ్యూజియంల పద్ధతి; అంటే మన హాలు లైట్లు సగం ఆర్పేయాలి. అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం, ఆమ్లం లేని అట్ట, జపాన్ కాగితపు పట్టీలు, గోధుమ గంజి జిగురు. సెల్లోటేపు వేసినవాడితో నాకు మాటల్లేవు. కొన్ని నెలలు గోడ మీద, ఆపైన సొరుగులో. వానాకాలం బూజు సంగతి సరేసరి.

నా బ్లావ్ మ్యాపులో మచిలీపట్నం, అంటే మన బందరు, పేరుంది. దాని పక్కనే పెడన కలంకారీ గుడ్డ ఒకటి ఫ్రేము కట్టించి పెట్టాను. అలంకారానికి కాదు. యూరప్ సరుకులంటే మసాలా దీవుల వాళ్లకు పెద్దగా మోజు లేదు. వాళ్లడిగింది మన కోరమాండల్ బట్టలు. అందుకే డచ్చివాళ్లు 1605లో బందరు చేరారు. మన నేతగాళ్ల చేతి గుడ్డ అక్కడ జాజికాయలకు మారకం. డచ్చివాళ్ల పేరు మోసే వలందపాలెం బందరులో ఇప్పటికీ ఉంది.

బందా దీవుల చిన్న మ్యాపు కింద మాత్రం చీటీ అంటించాను. 1621లో డచ్చి కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్సూన్ కూన్ జాజికాయ మీద గుత్తాధిపత్యం కోసం ఆ దీవుల మీద పడ్డాడు. సుమారు 15,000 మంది జనంలో మిగిలింది ఏ వెయ్యి మందో. మిగతావాళ్లు చంపబడ్డారు, ఆకలితో పోయారు, పారిపోయారు, బానిసలయ్యారు. మ్యాపులో మాత్రం ఆ దీవులు చక్కగా, శుభ్రంగా ఉన్నాయి. వచ్చిపోయేవాళ్లు కూర్చునే గదిలో ఇలాంటి చీటీ ఎందుకండీ అన్నాడు ఓ మిత్రుడు. అక్షరాలు ఇంకాస్త పెద్దవి చేయించాను.