పూతరేకు కుండ వెనక మంట

ఆత్రేయపురం వెళ్లినవాళ్లు పూతరేకు వేసే చేతిని చూస్తారు. చూసి తీరాల్సిన చెయ్యే అది. పలచని బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో పొర కట్టి అంచు లేస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆ చేతుల గురించి ఎందరో రాశారు. వాళ్లు రాసినదంతా న్యాయమే. నాకు మాత్రం ఆ చేతి కింద ఉన్న కుండ గురించి చెప్పాలని ఉంది. ఇంకా సూటిగా అంటే, ఆ కుండను కాల్చిన మంట గురించి.

ఆ కుండ పడే పాట్లు దగ్గర కూర్చుని చూస్తే గాని తెలియవు. పక్కన కోసిన కంతలోంచి ఎండు కొబ్బరాకు మంట లోపలి గోడకు తగులుతూ ఉంటుంది. బయటి గోడ మీద తడిగుడ్డ పడుతూ ఉంటుంది. ఇటు నిప్పు, అటు నీళ్లు, మధ్యన పలచటి మట్టి గోడ. పొద్దున పొయ్యి వెలిగించింది మొదలు ఆపేదాకా ఇదే వరస. మంచి పింగాణీ గిన్నెను ఇలా పెడితే కాసేపట్లో నిట్టనిలువునా చీలుతుంది. మట్టికుండ ఓర్చుకుంటుంది. కారణం, దాన్ని మరీ గట్టిపడేదాకా కాల్చకపోవడమే. కుండలు కాల్చే మన ఆవాల్లో వేడి దాదాపు 700 నుంచి 900 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఆ వేడికి మట్టి రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి గాని కరిగి గాజులా కలిసిపోవు. మధ్యలో సన్నని ఖాళీలు మిగులుతాయి. ఎక్కడైనా చిన్న బీట పుడితే ఇసుక రేణువు దగ్గరో, ఆ ఖాళీ దగ్గరో ఆగిపోతుంది. 1200 డిగ్రీలు దాటించి కాల్చిన పింగాణీలో బీటకు అడ్డం ఉండదు, ఈ చివర నుంచి ఆ చివరకు పారుతుంది. కూజాలో నీళ్లు చల్లబడేదీ ఆ ఖాళీల వల్లే. నీరు గోడలోంచి చెమర్చి, ఆరుతూ, లోపలి వేడిని తీసుకుపోతుంది. అంటే ఎక్కడిదాకా కాల్చాలో తెలియడం ఒక ఎత్తు, ఎక్కడ ఆపాలో తెలియడం మరో ఎత్తు. నా మెప్పు ఎక్కువగా ఆ రెండోదానికే.

చదువుకునే రోజుల్లో పట్టి వదిలేసిన కుమ్మరి సారెను నడివయసులో మళ్లీ పట్టుకున్నాను. ఈమధ్య నగరాల్లో ఇలా తిరిగొచ్చేవాళ్లు చాలామందే కనిపిస్తున్నారు. శిక్షణ బాగానే ఉంటుంది. మట్టి మధ్యకు తేవడం, గోడ లేపడం, మూతి తీర్చడం అన్నీ నేర్పుతారు. ఆ తర్వాత పచ్చికుండను బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లిపోతాం. కరెంటు కొలిమిలో ఇంకెవరో కాలుస్తారు, వారం తర్వాత వెళ్లి తెచ్చుకుంటాం. నిప్పుతో పనే పడదు. కుండను కుండ చేసేది నిప్పయితే, ఆ భాగం వేరేవాళ్లకు అప్పజెప్పి నాకు కుండ చేయడం వచ్చనడం నచ్చలేదు. అందుకే కోనసీమలో కొత్తపేట వైపు ఇప్పటికీ ఆవం పేర్చే ఒక పెద్దాయన దగ్గరకు వెళ్లాను. ఆయన నన్ను బాబుగారూ అంటారు, నేను ఆయన్ని మావయ్యగారూ అంటాను. సారె ముందు ఆయన నాకు నేర్పింది తక్కువ. ఆవం దగ్గర నేర్పింది మాత్రం ఎక్కడా దొరకదు.

కోనసీమ మట్టికి ఉన్న గుణం ముందు చెప్పాలి. గౌతమికీ వసిష్ఠకూ నడుమ, వైనతేయ చీల్చుకుపోయిన ఈ నేలంతా గోదావరి తెచ్చి పోసిందే. రేణువు మెత్తన, సాగుడు బాగా ఉంటుంది, ఇనుము ఉండడం వల్ల కాలితే ఎర్రబడుతుంది. రాజోలు వైపు మామిడికుదురు దగ్గర ఆదుర్రులో, వైనతేయ ఒడ్డున, బౌద్ధుల ఇటుక స్తూపం ఉంది. ఈ నేల మీద మట్టి కాల్చడం నిన్నమొన్నటి విద్య కాదని దాన్ని చూస్తే తెలుస్తుంది. కాలవలు కట్టేసిన ఎండాకాలంలో అడుగు మట్టి బయటపడుతుంది. తెచ్చుకోవడానికి అదే అదను.

ఈ మట్టిలో రెండు చిక్కులున్నాయి. సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఉప్పు పెరుగుతుంది. కుండ ఆరేటప్పుడు నీటితోపాటు ఆ ఉప్పు పైకి వచ్చి తెల్లటి పూతలా తేలుతుంది. రెండోది నత్త గుల్లలు. చూడటానికి చిన్న విషయం, చేసే చేటు పెద్దది. గుల్ల అంటే సున్నమే. ఆవంలో కాలి పొడిసున్నం అవుతుంది. కుండ బయటికొచ్చాక గాలిలోని తేమను నెమ్మదిగా తాగి ఉబ్బుతుంది. అప్పటికి కుండ అమ్ముడై ఎవరింట్లోనో ఉంటుంది. ఒకరోజు గోడ మీదినుంచి గోరంత పెళ్ల ఎగిరిపడి, దాని అడుగున తెల్లటి చుక్క కనిపిస్తుంది. అందుకని మావయ్యగారు మట్టిని కాళ్లతో తొక్కుతారు. జల్లెడ ఉంది, వాడతారు కూడా. అయినా తొక్కడం మానరు. మడమ కింద చిన్న పలుకు తగిలితే చాలు, వంగి వేళ్లతో తీసి అవతల పారేస్తారు. పక్కవాళ్లతో మాట్లాడుతూనే ఈ ఏరుడు సాగుతుంది. ఎన్నో ఏళ్ల తొక్కుడులో పాదానికి అబ్బిన చూపు అది.

పూతరేకు కుండ అడుగు సారె మీద పూర్తిగా తయారు కాదు. మూతి, మెడ సారె మీద వస్తాయి. తర్వాత కాస్త ఆరనిచ్చి, లోపల నున్నటి రాయి ఆనించి, బయటినుంచి చెక్కతో తడుతూ అడుగును గుండ్రంగా సాగదీస్తారు. ఇక్కడ చెవి పనిచేస్తుంది. గోడ మందంగా ఉన్నచోట దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది, పలచబడినచోట తేలికగా మోగుతుంది. ఒకే మోత వచ్చేదాకా కుండ తిప్పుతూ తడతారు. మందం ఎక్కువ తక్కువలైతే వేడీ ఎక్కువ తక్కువలవుతుంది, రేకు ఒకచోట మాడి ఒకచోట అంటుకుంటుంది. చిన్న గరుకు ఉన్నా అక్కడే చిరుగుతుంది. అంత నున్నన రావాలంటే ఓపిగ్గా మెరుగు పెట్టాలి, ఆ మెరుగు చెడకుండా కాల్చాలి.

కాల్చేముందు ఆరబెట్టడం ఉంది. కోనసీమ గాలిలో ఎప్పుడూ తేమే. పైకి తెల్లబారి ఆరినట్టు కనిపించే కుండ లోపల ఇంకా పచ్చిగా ఉంటుంది. మావయ్యగారు కుండ అడుగును చెంపకు ఆనించుకుంటారు. చల్లగా తగిలితే పక్కన పెట్టేస్తారు, మారు మాట లేదు. లోపల మిగిలిన నీరు మంటకు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా పెరుగుతుంది. దారి లేక గోడను పేల్చుకుని బయటపడుతుంది.

ఇక ఆవం పేర్చడం. గుండ్రటి తక్కువ ఎత్తు గోడ, అడుగున కొబ్బరి మట్టలు, డొక్కలు. వాటి మీద కుండలు. పెద్దవి మధ్యలో, చిన్నవి అంచుల్లో. ఏ రెండు కుండలూ గట్టిగా ఒరుసుకోకూడదు, వదులుగా కదలనూ కూడదు. మూతులు ఏ వైపు తిప్పాలో, ఏ సందులో డొక్క కుక్కాలో, ఏ సందు పొగకు వదలాలో ఆయన చేతికి తెలుసు. ఒక కుండను మూడు చోట్ల పెట్టి చూసి, మూడుసార్లూ తీసేసి, నాలుగో చోట వేలితో చిన్నగా నొక్కి సరే అనుకున్నారు. ఎందుకని అడిగితే, గాలి అటునుంచి వస్తుందని కొబ్బరి తోట వైపు చెయ్యి చూపారు. పేర్చడం అయ్యాక పాత కుండ పెంకులు కప్పి, వాటి మీద ఒత్తుగా వరిగడ్డి పరిచి, పైన పలచగా బురద మెత్తారు. అక్కడక్కడ పొగ కంతలు వదిలారు.

ఇక్కడే కోనసీమ పంటలు రెండూ పనికొచ్చాయి. కొబ్బరాకు గుప్పున మండి ఆరిపోతుంది, డొక్క నిదానంగా రాజుతూ గంటలు నిలుస్తుంది. వరిగడ్డిలో సిలికా బాగా ఉంటుంది. ఊక సంగతే చూస్తే, దాని బూడిదలో నూటికి తొంభై పాళ్ల దాకా అదే. కాబట్టి గడ్డి కాలిపోయినా బూడిద కుప్పకూలదు. తన అల్లిక నిలుపుకుని దుప్పటిలా కుండల మీద ఉండిపోతుంది, వేడిని బయటికి పోనివ్వదు. వేలు పోసి కొనే కొలిమిలో వేడిని ఆపే ఉన్ని పలకలు చేసే పని ఇక్కడ పొలంలో మిగిలిన గడ్డి చేసింది.

సాయంత్రం నిప్పు పెట్టారు. మంట కనిపించక నా చెయ్యి మట్టల మీదికి వెళ్లింది.

“ఆగండి బాబుగారూ, ఇప్పుడే ఎగదోత్తే లోపల టపటపలాడిపోతాయండి,” అన్నారాయన. “ముందు నీళ్లు పోవాలి. పొగ చూడండి, ఇంకా తడిగా ఉంది.”

పొగ నిజంగానే తెల్లగా, బరువుగా, నేలను అంటుకుని పోతోంది. రాత్రి బాగా గడిచాక పలచబడి నీలంగా మారింది. అప్పుడు గాని మంట పెంచలేదు. 450 నుంచి 600 డిగ్రీల మధ్య మట్టి తన కూర్పులోనే కలిసి ఉన్న నీటిని కూడా వదులుకుంటుంది. ఆ గట్టు దాటితే ఇక ఎంత నానబెట్టినా బురదగా మారదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని స్ఫటికం ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆ చోట తొందర పనికిరాదు. ఈ అంకెలు నాకు పుస్తకాల్లో దొరికాయి. మావయ్యగారు సరిగ్గా ఆ మజిలీల్లోనే నెమ్మదించడం కళ్లారా చూశాను.

వేడిని కొలవడం ప్రపంచమంతటా కుమ్మరులకు పెద్ద ప్రశ్నే. 1886లో జర్మనీలో హెర్మన్ సెగర్ చిన్న శంకువులు తయారుచేశాడు. కొలిమిలో పెడితే తగిన వేడికి మెత్తబడి తల వంచుతాయి. పదేళ్ల తర్వాత అమెరికాలో ఎడ్వర్డ్ ఆర్టన్ అలాంటివే చేశాడు, ఇప్పటికీ వాడుతున్నారు. అవి వేడితోపాటు, ఆ వేడి ఎంతసేపు నిలిచిందన్నదీ చెబుతాయి. మావయ్యగారికి కొలత పొగ కంతలోంచి కనిపించే రంగు. మసక ఎరుపైతే ఇంకా దూరముంది. పండు మిరపకాయ ఎరుపు దాటి నారింజ వైపు తిరగబోతుంటే చాలు. చూసి, ఒక కంత మూసి, ఇంకో కంత తెరిచి, వెనకబడిన పక్కకు వేడిని నడిపించారు. ఆ రాత్రంతటిలో నన్ను ఎక్కువ కట్టిపడేసింది ఆ నడిపించడమే.

కుండ ఎర్రబడటం, నల్లబడటం కూడా ఆ కంతల చేతిలోనే ఉంది. గాలి ఆడితే ఇనుము ఎరుపెక్కుతుంది, గాలి ఆపి పొగ పట్టిస్తే మసి లోపలికి దిగి నలుపవుతుంది. మన బృహత్ శిలాయుగపు సమాధుల్లో దొరికే కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. వాటిని బోర్లించి కాల్చి ఉంటారని పండితులు చెప్పేది ఈ సూత్రం మీదే.

పుదుచ్చేరిలో రే మీకర్, డెబోరా స్మిత్ 1971లో నెలకొల్పిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ దేశంలో ఎందరికో ఎక్కువ వేడి కుండల పని నేర్పింది. అక్కడి పని మీద నాకు ఎంతో గౌరవం. మన ఒండ్రుమట్టిని మాత్రం ఆ వేడిలో పెట్టకూడదు. 1100 దాటిందంటే ఉబ్బి, వంగి, కరుగుతుంది. దీనికి దీని మంటే కావాలి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ కొన్నేళ్లుగా కుమ్మరులకు కరెంటు సారెలు ఇస్తోంది. భుజానికి సుఖం, ఇవ్వాల్సిందే. ఆ శ్రద్ధలో కొంత ఆవం పేర్చే విద్య మీద కూడా పెట్టాలని నా కోరిక. సారె పని తరగతిలో నేర్పొచ్చు, ఆవం పని ఆవం దగ్గరే నేర్పాలి.

నాలాగా తిరిగొచ్చినవాళ్లకు ఒక్క మాట. మొదటి ఆవానికి పెద్ద కుండలు పెట్టకండి. ప్రమిదలు, చిన్న మూకుళ్లు చాలు. కాలవలు కట్టేసిన రోజుల్లో, గాలి తక్కువున్న సాయంత్రం వెలిగించండి. డొక్కలు బాగా ఎండినవే తీసుకోండి. తెల్లారాక పైన బూడిద చల్లగానే ఉన్నట్టనిపిస్తుంది, చెయ్యి పెట్టకండి. ఆ పగలంతా, వీలైతే ఆ రాత్రి కూడా వదిలేయండి. తీశాక ఒక్కొక్కటీ వేలి కణుపుతో కొట్టి, మోత తేడా వచ్చినదాన్ని విడిగా పెట్టి, అది ఆవంలో ఏ చోట ఉందో బొగ్గుతో దాని మీదే రాసుకోండి.